సహకార సంఘం బోర్డులో సంతకం: బళ్లారి తెలుగువాళ్లు ముందే తెలుసుకోవలసిన సంగతులు

పాల సంఘానికో, రేషన్ దుకాణం నడిపే సహకార సంఘానికో ఎన్నికలు వస్తున్నాయంటే మన సరిహద్దు ఊళ్లలో ఒక మాట వినబడుతుంది. "నువ్వు నిలబడాలన్నా, మనోళ్లు ఒక్కరైనా లోపల ఉండాల." అడిగింది ఊరివాళ్లు కాబట్టి కాదనలేం. నామపత్రం వేస్తాం. చాలాసార్లు పోటీ లేకుండానే ఎన్నికైపోతాం. ఆ రోజు దండలు వేస్తారు, ఫోటో తీస్తారు. ఆ తర్వాత ఐదేళ్ల పాటు ఏం చేయాలో, దేనికి జవాబు చెప్పుకోవాలో చెప్పేవాళ్లు మాత్రం దొరకరు.

దీని గురించి రాయాలని మేము చాలాకాలంగా అనుకుంటున్నాం. మోకా వైపు, రూపనగుడి వైపు, సిరుగుప్ప వైపు ఎక్కడికి వెళ్లినా ఒకే రకం ప్రశ్నలు ఎదురవుతున్నాయి. బోర్డులో ఉన్నవాళ్లలో మాట తెలుగులో ఆడేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. పుస్తకాలన్నీ కన్నడంలో ఉంటాయి. సమావేశంలో తెలుగులోనే వాదించుకుంటాం. చివర్లో కార్యదర్శి ఒక పుస్తకం తెచ్చి ముందు పెడతాడు, వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేస్తాం. అందులో ఏముందో తర్వాత ఎప్పుడో తెలుస్తుంది. చట్టం చూసేది ఆ సంతకాన్నే. సంతకం చేసినాయనకు కన్నడం చదవడం వచ్చా రాదా అన్నది దానికి పట్టదు.

ఇది ఎవరి సొత్తు?

ఆహారం చుట్టూ పెట్టుకునే సహకార సంఘం కొత్త విషయమేమీ కాదు. ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో 28 మంది 1844 డిసెంబరులో చిన్న దుకాణం తెరిచారు. పిండి, వెన్న, చక్కెర, ఓట్స్ పిండి, కొవ్వొత్తులు అమ్మారు. కల్తీ లేని సరుకు సరైన తూకంతో అమ్మాలి, మిగిలింది కొన్నవాళ్లకే పంచాలి అన్నది వాళ్ల నియమం. పెట్టుబడి ఎంత పెట్టినా ఓటు ఒక్కటే. మన దేశంలో వినియోగదారుల సహకార దుకాణాలకు మొదటిదిగా చెప్పుకునే ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ 1904లో మద్రాసులో మొదలైంది. అప్పుడు మన బళ్లారి కూడా మద్రాసు రాజధానిలోని జిల్లాయే. ఆ మరుసటి ఏడాది 1905లో, మనకు పడమటగా ఉన్న గదగ ప్రాంతంలోని కణగినహాళ గ్రామంలో సిద్దనగౌడ సణ్ణరామనగౌడ పాటీల్ నాయకత్వంలో వ్యవసాయ పరపతి సంఘం నమోదైంది. కర్ణాటక సహకార ఉద్యమం తన పుట్టుకను అక్కడి నుంచే లెక్కిస్తుంది.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు కొత్త ఆంధ్ర రాష్ట్రానికి పోయాయి, బళ్లారి మైసూరులో కలిసింది. అప్పటి నుంచి ఒకే ఇంటి బంధువులు రెండు రాష్ట్రాల సహకార చట్టాల కింద ఉన్నారు. రాయదుర్గంలో ఉన్న బావగారు చెప్పే రూలు ఇక్కడ చెల్లకపోవచ్చు. ఇక్కడ మనకు వర్తించేది కర్ణాటక సహకార సంఘాల చట్టం, 1959. దానితో పాటు 1997 నాటి సౌహార్ద చట్టం ఒకటుంది. దాని కింద నమోదైన సంఘాల్లో సర్కారు జోక్యం తక్కువ. మీ సంఘం ఏ చట్టం కింద ఉందో నమోదు పత్రంలో మొదటి పేజీలోనే రాసి ఉంటుంది. బోర్డులోకి వెళ్లేవాళ్లు మొట్టమొదట చూడాల్సిన కాగితం అదే. మేము అడిగినవాళ్లలో అది చూసినవాళ్లు తక్కువ.

మన ఊళ్లలో తిండితో ముడిపడిన సంఘాలు ముఖ్యంగా రెండు. ఒకటి పాల ఉత్పత్తిదారుల సంఘం. ఊరి సంఘం పాలు సేకరిస్తుంది. అవి రాయచూరు, బళ్లారి, కొప్పళ, విజయనగర జిల్లాల పాల ఒక్కూటకు పోతాయి. జనం నోట 'రాబకొవి' అయింది అదే. ఆ పైన నందిని పేరుతో అమ్మే రాష్ట్ర మహామండలి ఉంది. రెండోది వ్యవసాయ సేవా సహకార సంఘం. అప్పులు, ఎరువులతో పాటు చాలా ఊళ్లలో న్యాయధర దుకాణం, అంటే రేషన్ అంగడి, కూడా అదే నడుపుతుంది. ఈ రెంటిలోనూ యజమాని షేరు కట్టిన సభ్యుడే. అధ్యక్షుడు కాదు, కార్యదర్శి కాదు, గెలిపించిన నాయకుడు అసలే కాదు.

నిర్దేశకుడు చేసే పని, చేయకూడని పని

చట్టం లెక్కలో అన్నింటికన్నా పైన ఉండేది సభ్యుల మహాసభ. ఏడాది లెక్కలు దాని ముందు పెట్టాలి, లాభం పంపకం అక్కడే తేల్చాలి. రెండు మహాసభల మధ్య సంఘాన్ని నడిపేది ఆడళిత మండలి, మన మాటలో బోర్డు. బోర్డు తీసుకున్న నిర్ణయాన్ని అమలు చేసేది జీతం తీసుకునే కార్యదర్శి. ఈ మూడు మెట్లు కలగాపులగమైన చోటే గొడవలు పుడతాయి. నిర్దేశకుడు పాల డబ్బా దగ్గర నిలబడి ఫలానావాళ్ల పాలు ముందు పొయ్యి అనడం అతని పని కాదు. రేషన్ అంగడిలో తాళాలు పట్టుకోవడం కూడా కాదు. లెక్క అడగడం, ధర తేల్చడం, ఉద్యోగిని నియమించడం, నియమాన్ని అందరికీ ఒకేలా పెట్టడం అతని పని. ఇంకా సూటిగా చెప్పాలంటే, పక్కవాళ్లకు ఇష్టం లేకపోయినా ప్రశ్న అడగడం.

ఏ ప్రశ్న అడగాలి అన్నది లెక్కతో చెబితే తేలిక. కింది అంకెలు అర్థం కావడానికి మేము వేసుకున్నవి, ఏ సంఘానివీ కావు. ఒక పాల సంఘంలో పొద్దున 212 లీటర్లు, సాయంత్రం 188 లీటర్లు, మొత్తం 400 లీటర్లు సేకరించారనుకుందాం. ఊళ్లోనే 20 లీటర్లు అమ్మారు. మిగతా 380 లీటర్లు బండికెక్కాలి. ఒక్కూట ఇచ్చిన రసీదులో 376 అని ఉంది. నాలుగు లీటర్లే కదా, ఒలికిపోయి ఉంటాయి అనుకుంటాం. రోజూ అలాగే ఉంటే ఏడాదికి 1,460 లీటర్లు. లీటరు 35 రూపాయలు వేసుకున్నా 51,100 రూపాయలు. ఒక్క రోజు రసీదు చూస్తే ఏమీ దొరకదు. నెల మొత్తం వరుసగా చూస్తే దొరుకుతుంది.

పాలలో ఇంకో లెక్క ఉంది, ఎక్కువమంది దాని జోలికి పోరు. ధర వెన్న శాతం మీద, ఎస్ఎన్ఎఫ్ మీద, అంటే వెన్న కాక మిగిలిన ఘనపదార్థం మీద ఆధారపడుతుంది. ఊళ్లో మీటరు ఒక శాతం చూపిస్తుంది, ఒక్కూటలో పరీక్ష ఇంకో శాతం చూపిస్తుంది. ఊళ్లో తక్కువ, పైన ఎక్కువ వస్తూ ఉంటే సంఘానికి డబ్బు మిగులుతుంది. ఆ మిగులు ఎక్కడి నుంచి వచ్చింది? రోజూ పాలు పోసే ఆడవాళ్లకు తక్కువ కట్టినందువల్ల వచ్చింది. ఏడాది చివర అది బోనసుగా తిరిగి వాళ్లకే చేరితే సరే. మధ్యలో 'ఇతర ఖర్చులు' అన్న పద్దులో కరిగిపోతే మాత్రం సరి కాదు. ఊళ్లో తక్కువ చూపితే సభ్యులకు నష్టం, ఎక్కువ చూపితే సంఘానికి నష్టం. కాబట్టి నెలకొకసారి రెండు సగటులను పక్కపక్కన రాసి బోర్డు ముందు పెట్టమనాలి. కర్ణాటక సర్కారు లీటరుకు ఇచ్చే ప్రోత్సాహధనం 2008లో 2 రూపాయలతో మొదలై, 2013లో 4, 2016లో 5 రూపాయలు అయింది. అది సభ్యుల బ్యాంకు ఖాతాల్లోకే వస్తుంది. ఎవరి పేరున ఎన్ని లీటర్లు రాశారన్నదే దానికి ఆధారం. అసలు గేదే లేని ఇంటి పేరున లీటర్లు ఎక్కితే, ఆ పుస్తకం కింద సంతకం చేసినవాళ్లు కూడా జవాబు చెప్పాలి.

రేషన్ అంగడి విషయంలో మూడు అంకెలు ఒకటి కావాలి. పుస్తకంలో ఉన్న నిల్వ, వేలిముద్ర వేసే యంత్రంలో కనబడే నిల్వ, గోదాములో లెక్కపెట్టిన సంచులు. నెల మొదట 12 క్వింటాళ్ల బియ్యం ఉంది, 90 వచ్చింది, 96 పంచారు. మిగలాల్సింది 6 క్వింటాళ్లు. తూచితే నాలుగున్నరే ఉంది. ఒకటిన్నర క్వింటాలు ఎక్కడ? లారీ దించేటప్పుడు తూచకుండా తీసుకున్నారా? కార్డుదారులకు తక్కువ తూచారంటే మిగలాలి కానీ తగ్గకూడదే? ఇలాంటి ప్రశ్నలు రావాల్సిన చోట ఒక ఠరావు వస్తుంది. 'తూకంలో వచ్చిన తరుగు కింద మంజూరు చేయడమైనది' అని ఒక్క వాక్యం ఉంటుంది. దాని కింద సంతకం పెట్టడమంటే ఒకటిన్నర క్వింటాలుకు మీరు కూడా బాధ్యత తీసుకున్నట్టే.

పుస్తకంలో మాటలు

బళ్లారి సంఘాల పుస్తకాల్లో కన్నడ లెక్క మాటలు కొన్ని అచ్చం తెలుగులా కనిపిస్తాయి, కొన్ని మోసం చేస్తాయి. నడావళి అంటే సమావేశంలో జరిగింది రాసే పుస్తకం, మినిట్స్. ఠరావు అంటే తీర్మానం. లెక్క పరిశోధన అంటే ఆడిట్. దాస్తాను అంటే నిల్వ సరుకు. శిల్కు అంటే చేతిలో మిగిలిన నగదు. రోజు మొదట్లో ఉన్న శిల్కు, రోజు చివర ఉన్న శిల్కు రెండూ నగదు పుస్తకంలో ఉండాలి. ఇవాళ్టి చివరి శిల్కు రేపటి మొదటి శిల్కు కావాలి. కాలేదంటే అక్కడ ఆగి అడగాల్సిందే.

అన్నిటికన్నా చిక్కుమాట 'సుస్తి'. తెలుగులో సుస్తి చేసిందంటే ఒంట్లో బాగాలేదని. కన్నడ సహకార భాషలో సుస్తి అంటే గడువు దాటినా కట్టని బాకీ. సుస్తిదారుడు అంటే ఎగవేసినవాడు. ఇది నవ్వుకోవడానికి చెప్పే మాట కాదు. సుస్తిదారుల పట్టికలో పేరుంటే బోర్డుకు పోటీ చేసే అర్హతే పోతుంది. నామపత్రం వేసే ముందు మీ పేరు ఆ పట్టికలో ఉందో లేదో చూసుకోండి. కట్టేసిన బాకీ పుస్తకంలో కొట్టివేయకుండా అలాగే ఉండిపోతే పరిశీలన రోజున చెప్పుకోవడానికి సమయం ఉండదు.

లిపి గురించి ఒక మాట. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి పిల్లలు. క, త, శ లాంటి కొన్ని అక్షరాల దగ్గర తడబడతాం కానీ, తెలుగు చదవడం వచ్చినవాళ్లు రోజుకో అరగంట కూర్చుంటే కొద్ది వారాల్లోనే కన్నడ నడావళి కూడబలుక్కుని చదవగలరు. కన్నడం నేర్చుకుంటే తెలుగు తక్కువైపోతుందని మేము అనుకోం. రెండూ వచ్చినవాడిని ఏమార్చడం కష్టం, అంతే. అయితే చదువే లేని సభ్యుల సంగతి వేరు, వాళ్లకు వినిపించాలి.

సంతకం వెనుక చట్టం

1959 చట్టంలో నిర్దేశకులు గుర్తుంచుకోవలసిన సెక్షన్లు కొన్నే. 63 ఆడిట్ గురించి. 64 విచారణ గురించి, దాని కింద నిబంధకరు, అంటే రిజిస్ట్రారు, సంఘం లెక్కలను, నడకను విచారించవచ్చు. 70 సంఘానికీ సభ్యులకూ మధ్య వచ్చే తగాదాల గురించి. వీటి మధ్యనున్న 69 అసలైనది. ఆడిట్‌లోనో విచారణలోనో సంఘం సొమ్ము దుర్వినియోగమైనట్టు, చట్టానికో బైలాకో విరుద్ధంగా ఖర్చయినట్టు, నమ్మకద్రోహం వల్లనో తెలిసీ చేసిన నిర్లక్ష్యం వల్లనో లోటు వచ్చినట్టు తేలితే, దానికి కారకులైనవారి నుంచే ఆ సొమ్ము రాబట్టమని ఆదేశించవచ్చు. దీన్నే సర్‌ఛార్జి అంటారు. ముందు నోటీసిచ్చి వాదన వినాలి, నిజమే. కానీ నోటీసు వచ్చేది ఎక్కువగా పదవి దిగిపోయిన తర్వాతే. అప్పటికి కార్యదర్శి మారిపోయి ఉంటాడు, పుస్తకాలు మన చేతిలో ఉండవు.

'నాకు తెలియదు, కార్యదర్శి పెట్టమంటే పెట్టాను' అన్నది చాలామంది నమ్ముకునే జవాబు. అది మిమ్మల్ని కాపాడుతుందని మేము అనుకోం. అడగాల్సిన చోట అడగకపోవడాన్నే నిర్లక్ష్యం అంటారు. దానికి ఎదురుగా మీ చేతిలో ఉండగలిగిన ఆయుధం ఒక్కటే: భిన్నాభిప్రాయం. ఒక ఠరావు మీకు నచ్చకపోతే మీ అభ్యంతరాన్ని నడావళిలో రాయమని అడగండి. రాయకపోతే అదే రోజు ఒక కాగితం మీద రాసి అధ్యక్షుడికిచ్చి, నకలు మీద రసీదు తీసుకోండి. తేదీ వేయండి. ఐదేళ్ల తర్వాత మీ మాటకు సాక్ష్యంగా నిలిచేది ఆ కాగితమే. ఊళ్లో కొంత ముఖం చెల్లకపోవచ్చు. 'మనోడే మనకు అడ్డం పడుతున్నాడు' అంటారు. మనోడు కావాలని నిలబెట్టింది అందుకే కదా అని మేమైతే అంటాం.

సమావేశం జరగకుండానే నడావళి పుస్తకాన్ని ఇంటింటికీ తిప్పి సంతకాలు తీసుకునే అలవాటు ఎక్కడున్నా అది చట్టానికి ఎదురు నడవడమే. సూచనా పత్రం ముందుగా రావాలి, అందులో చర్చించే విషయాలుండాలి, కోరం ఉండాలి. ఖాళీ పేజీ మీద సంతకం చేయకండి. రెండు సంతకాల మధ్య నాలుగు వరుసల ఖాళీ వదిలినా గీత కొట్టమనండి.

ఇంకొకటి, స్వప్రయోజనం. సంఘానికి దాణా అమ్మేది మీ తమ్ముడి అంగడి అయితే, సంఘం అద్దెకున్నది మీ ఇంట్లో అయితే, ఆ విషయం వచ్చినప్పుడు లేచి బయటికి వెళ్లడం మర్యాద. సంఘంతో లావాదేవీల్లో సొంత లాభం ఉండటం పదవికే ముప్పు తెచ్చే విషయం కూడా. లాభం పంచేటప్పుడు నికర లాభంలో నాలుగో వంతు రిజర్వు నిధికి పోవాలన్న నియమాన్ని దాటి 'ఈసారి అందరికీ ఎక్కువ పంచుదాం' అన్న ఠరావులు ఎన్నికల ఏడాదిలో వస్తుంటాయి. చప్పట్లు పడతాయి. సంతకం మాత్రం ఆలోచించి పెట్టాలి.

తెలుగులో అడిగే హక్కు ఎంతవరకు?

ఇక్కడ మనవాళ్లలో రెండు రకాల అపోహలున్నాయి. తెలుగులో రాస్తే ఆఫీసులో తీసుకోరని కొందరు, అన్నీ తెలుగులో ఇవ్వాల్సిందేనని కొందరు. నిజం ఈ రెంటికీ నడుమ ఉంది.

రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం, కష్టం తీర్చమని కేంద్రంలోనో రాష్ట్రంలోనో ఏ అధికారికైనా ఇచ్చే విన్నపాన్ని ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వవచ్చు. కాబట్టి సంఘం లెక్కల మీద సహకార శాఖ సహాయ నిబంధకరుకు తెలుగులో అర్జీ రాసే హక్కు మీకుంది. జవాబు కూడా తెలుగులోనే రావాలని ఆ అధికరణం చెప్పదు. అందుకే వెంట ఒక కన్నడ నకలు పెడితే పని తొందరగా అవుతుంది. భాషా అల్పసంఖ్యాకుల రక్షణల గురించి 1956లో కేంద్రం తెచ్చిన పత్రం కూడా ఉంది. ఒక జిల్లాలోనో తాలూకాలోనో 15 నుంచి 20 శాతం దాకా వేరే భాషవాళ్లుంటే ముఖ్యమైన ప్రకటనలు, నియమాలు వాళ్ల భాషలో కూడా అచ్చువేయడం మంచిదని, 30 శాతం పైనుంటే ఆ ప్రాంతాన్ని ద్విభాషా ప్రాంతంగా గుర్తించాలని అందులో ఉంది. అది విధానమే తప్ప కోర్టులో పట్టుబట్టే హక్కు కాదు. అయినా అడగడానికి ఆధారం.

సమాచార హక్కు దరఖాస్తు సంగతి వేరు. 2005 నాటి ఆ చట్టం ఇంగ్లీషు, హిందీ, ఆ ప్రాంతపు అధికార భాష అన్న మూడింటినే చెబుతుంది. బళ్లారిలో అధికార భాష కన్నడం. కాబట్టి అర్జీ తెలుగులో రాసినా సమాచార హక్కు దరఖాస్తు కన్నడంలోనే వేయండి. ఇంకో మెలిక ఉంది. కేరళలోని తలప్పళం సహకార బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 2013లో ఇచ్చిన తీర్పు ప్రకారం, సహకార చట్టం కింద నమోదైనంత మాత్రాన సంఘం ఆ చట్టం పరిధిలోకి రాదు. నేరుగా సంఘాన్ని అడిగితే తిప్పి పంపవచ్చు. అయితే నిబంధకరు ప్రభుత్వ అధికారి. చట్టప్రకారం తాను సంఘం నుంచి తెప్పించుకోగలిగిన సమాచారం కోసం ఆ కార్యాలయాన్ని అడగవచ్చు. ఆడిట్ నివేదిక కావాలంటే దారి అది.

ఆఫీసు దాకా పోకముందే సంఘంలో చేయగలిగింది ఉంది. సమావేశం ముగిసే ముందు ప్రతి ఠరావునూ బిగ్గరగా చదివి, తెలుగులో అర్థం చెప్పిన తర్వాతే సంతకాలు జరగాలని బోర్డులోనే ఒక ఠరావు చేసుకోవచ్చు. ఖర్చు లేదు, అనుమతి అక్కర్లేదు. మహాసభలో లెక్కలు చదివేటప్పుడు కూడా అంతే. కన్నడం మాట్లాడే సభ్యులు దీనికి అడ్డుపడతారని భయపడేవాళ్లున్నారు. మన ఊళ్లలో రెండు భాషలూ కలిపి మాట్లాడని ఇల్లు ఏది? అర్థం కాని లెక్క వాళ్లకూ నష్టమే.

సరిహద్దు అవతల

పోల్చి చూసుకోవడానికి మన పక్కనే ఉదాహరణలున్నాయి. తెలంగాణలోని ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి చొరవతో మొదలైన సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం అప్పు ఇవ్వడం దగ్గర ఆగలేదు. సభ్యుల పంట కొని, ధాన్యం ఆడించి అమ్మే దాకా వెళ్లింది. అదే ప్రాంతంలో తర్వాత ఆడవాళ్లే సభ్యులుగా, ఆడవాళ్లే బోర్డుగా స్వకృషి మహిళా డెయిరీ వచ్చింది. మనకు మరీ దగ్గరగా, పాత అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లిలో టింబక్టు కలెక్టివ్ అండతో రైతులు ధరణి సహకార సంఘం పెట్టుకున్నారు. కొర్రలు, సామలు, వేరుశనగ లాంటివి రసాయనాలు లేకుండా పండించి, తామే శుభ్రం చేయించి అమ్ముకుంటున్నారు. హగరి ఒడ్డున మన రైతులు పండించేవీ దాదాపు ఇవే పంటలు.

ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఇలాంటివాటికి దారి తీసింది. సర్కారు వాటా తీసుకోకపోతే సర్కారు అజమాయిషీ కూడా తక్కువ అన్నది దాని మూలసూత్రం. మన సౌహార్ద చట్టం దాని తోబుట్టువు లాంటిది. ఇక బళ్లారి రైతులు, రాయదుర్గం రైతులు కలిసి ఒకే సంఘం పెట్టుకుందామంటే ఈ చట్టాలేవీ చాలవు. రెండు రాష్ట్రాల సభ్యులున్న సంఘం 2002 నాటి బహుళ రాష్ట్ర సహకార సంఘాల చట్టం కింద కేంద్ర రిజిస్ట్రారు దగ్గర నమోదు కావాలి. పాతిక ఊళ్ల చిన్న సంఘానికి అది బరువైన పని. కలిసి అమ్ముకోవాలంటే ఇటొక సంఘం, అటొక సంఘం పెట్టుకుని ఒప్పందం రాసుకోవడం మేలని మా అభిప్రాయం.

ఎన్నిక, ఆ తర్వాత

సహకార ఎన్నికలను కర్ణాటకలో ప్రత్యేక ఎన్నికల ప్రాధికారం జరిపిస్తుంది. బోర్డు కాలం ఐదేళ్లు. 2012లో అమల్లోకి వచ్చిన 97వ రాజ్యాంగ సవరణ రాష్ట్రాల సంఘాలకు వర్తించదని సుప్రీంకోర్టు 2021 జూలైలో చెప్పింది కదా, మరి ఐదేళ్ల కాలం ఉన్నట్టా లేనట్టా అని కొందరు అడుగుతున్నారు. ఉన్నట్టే, ఎందుకంటే ఆ నియమం రాష్ట్ర చట్టంలోనే ఉంది. ఓటు హక్కు మాత్రం షేరు ఉన్నంత మాత్రాన రాదు. మహాసభలకు హాజరు, సంఘంతో కనీస వ్యవహారం రెండూ ఉండాలి. ఎన్ని సభలు, ఎన్ని రోజులు పాలు పోయాలి అన్నది మీ సంఘం బైలాలో చూసుకోవాలి. పొలం పనుల్లో పడి మహాసభకు వెళ్లకుండా తర్వాత అనర్హుల జాబితాలో తమ పేరు చూసి నెత్తి కొట్టుకునేవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. వెళ్లినప్పుడు హాజరు పుస్తకంలో మీ చేత్తో సంతకం పెట్టి రండి.

చట్టం బోర్డులో మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన వర్గాలకు స్థానాలు కేటాయిస్తుంది. మహిళా స్థానంలో పేరు ఆమెది, కుర్చీలో కూర్చునేది ఆయన. ఇది చూడని ఊరు లేదు. పాల సంఘంలో ఇది మరీ విడ్డూరం. పొద్దున నాలుగింటికి లేచి గేదెను పిండేది ఆమె, డబ్బా మోసేది ఆమె, మీటరులో ఇవాళ అంకె ఎందుకు తగ్గిందో పసిగట్టేదీ ఆమే. బోర్డులో ఆ ప్రశ్న అడగగలిగిన మనిషిని ఇంట్లో వదిలి, పాల సంగతి తెలియని మనిషి సమావేశానికి పోతాడు. పుస్తకం ఇంటికొస్తుంది, ఆమె సంతకం చేస్తుంది. రేపు 69వ సెక్షన్ కింద నోటీసు వస్తే దాని మీద ఉండేది ఆమె పేరే, ఆయన పేరు కాదు. ఇది తెలిసి కూడా భార్యను, వదినను, కోడలిని నిలబెట్టేవాళ్లు కనీసం సమావేశానికి ఆమెనే పంపాలి. ఆమె కూడా ఒక మాట పట్టుకుని కూర్చోవచ్చు: "చదివి వినిపించండి, అప్పుడు పెడతా."

కొత్తగా ఎన్నికైనవారు మొదటి నెలలో అడిగి తీసుకోవలసినవి బైలా నకలు, గడిచిన మూడేళ్ల ఆడిట్ నివేదికలు, వాటిలో ఆడిటరు చూపిన లోపాలకు పాత బోర్డు ఇచ్చిన జవాబులు, బ్యాంకు ఖాతాల పట్టిక, సుస్తిదారుల పట్టిక. వీటితో పాటు మీరు బాధ్యత తీసుకున్న రోజున చేతిలో ఉన్న నగదు, గోదాములో ఉన్న సరుకు లెక్కబెట్టి, పాతవాళ్లు కొత్తవాళ్లు ఇద్దరూ సంతకం చేసిన జాబితా ఉండాలి. ఈ జాబితా లేకపోతే పాత లోటు ఏది, మీ కాలంలో వచ్చినది ఏది అని తేల్చడానికి దారి ఉండదు. ఇవ్వడానికి వెనకాడితే అడిగినట్టు రాతలో పెట్టండి, తేదీతో.